కట్టని పార్కు, మునిగిన లోయ

వాషింగ్టన్ డి.సి.కి పడమరగా, ఉత్తర వర్జీనియాలో ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏటా మే నెల వచ్చేసరికి ఒక చర్చ మొదలవుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. పిల్లలకు సెలవులు. ఎక్కడికి వెళ్ళాలి? నయాగరా, న్యూయార్క్ ఎలాగూ తప్పవు. ఆ తర్వాత ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. పిల్లలు, వాళ్ళను కాదనలేనివాళ్ళు ఓర్లాండో అంటారు. రెండో పక్షం, "ఆ ప్లాస్టిక్ కోటలు చూడ్డానికి వేల డాలర్లు తగలేస్తామా? చరిత్ర ఉన్న చోటికి, అసలైన చోటికి వెళ్దాం" అంటుంది.

నేను మొదట్నుంచీ రెండో పక్షంవాణ్ణే. అయితే ఆ పక్షం చెప్పే కారణం, అక్కడున్నది నకిలీ, ఇక్కడున్నది అసలు అనేది, నాకు సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికి మా ఇంటికి పాతిక నిమిషాల దూరంలో 1994లో జరిగిన ఒక గొడవ పనికొస్తుంది. ఆ గొడవ సంగతి చెప్పి, అక్కణ్ణుంచి మన నాగార్జునకొండ దాకా వెళ్ళాలని ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చర్చ మన ఇళ్ళలో పుట్టింది కాదు. డేనియల్ బూర్‌స్టిన్ అనే చరిత్రకారుడు 1962లో వచ్చిన 'ది ఇమేజ్' అనే పుస్తకంలో యాత్రికుడు వేరు, టూరిస్టు వేరు అని గీత గీశాడు. యాత్రికుడు కష్టపడి వెతుక్కుంటాడు, టూరిస్టు తనకోసం ఎవరో వండి వడ్డించినదాన్ని చూసి వస్తాడు అన్నది స్థూలంగా ఆయన ఫిర్యాదు. 1976లో డీన్ మెకానెల్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ మాటను తిరగేశాడు. టూరిస్టు కోరుకునేదీ అసలునేననీ, ఆ కోరిక కనిపెట్టినవాళ్ళు అసలును కూడా వేదిక మీద అమర్చినట్టు అమర్చి చూపిస్తారనీ అన్నాడు. తెర వెనక ఏముందో చూద్దామని వచ్చినవాడికి, తెర వెనక లాగే కనిపించే ఇంకో తెర చూపిస్తారన్నమాట. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకుంటే ముందుముందు పనికొస్తాయి.

*

1993 నవంబరు 11న వాల్ట్ డిస్నీ కంపెనీ ఒక ప్రకటన చేసింది. వాషింగ్టన్‌కు సుమారు 35 మైళ్ళు పడమరగా, ప్రిన్స్ విలియమ్ కౌంటీలోని హేమార్కెట్ అనే చిన్న ఊరి పక్కన, 3,000 ఎకరాల్లో 'డిస్నీస్ అమెరికా' అనే పార్కు కడతామని. ఖర్చు 65 కోట్ల డాలర్లు. 1998కల్లా తెరుస్తామన్నారు. కొనేదెవరో బయటపడకుండా భూముల బేరాలు అప్పటికే కుదుర్చుకున్నారు. 1960లలో ఫ్లోరిడాలో డొల్ల కంపెనీల పేర్ల మీద 27 వేల ఎకరాలదాకా కూడబెట్టిన సంస్థకు ఇదేమీ కొత్త విద్య కాదు.

ఈ పార్కులో కోటలూ రాకుమార్తెలూ ముఖ్యం కాదు. అమెరికా చరిత్రే దీని ఇతివృత్తం. ఒకవైపు స్థానిక జాతుల గ్రామం, ఒకవైపు అంతర్యుద్ధ కాలపు సైనిక దుర్గం. వలస వచ్చినవాళ్ళు ఓడ దిగిన ఎల్లిస్ ఐలండ్ నమూనా ఒకటి. ఒక ఫ్యాక్టరీ ఊరు, ఆ ఊళ్ళో కొలిమిలోంచి దూసుకుపోయే రోలర్‌కోస్టర్. దాని పేరు 'ఇండస్ట్రియల్ రివల్యూషన్'. రెండో ప్రపంచయుద్ధపు విమానాలు, పల్లెటూరి సంత, వ్యవసాయ క్షేత్రం. వీటి చుట్టూ హోటళ్ళు, ఇళ్ళు, గోల్ఫ్ మైదానం, దుకాణాలు. బానిసగా ఉండటం ఎలా ఉంటుందో, రహస్య మార్గాల్లో పారిపోవడం ఎలా ఉంటుందో సందర్శకులకు అనుభవంలోకి తెస్తామన్న అర్థం వచ్చేలా డిస్నీ తరఫున ఒకరు మాట్లాడారు. మంట అక్కడ అంటుకుంది.

హేమార్కెట్‌కి నాలుగైదు మైళ్ళలో మనాసస్ యుద్ధభూమి ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో మొదటి పెద్ద యుద్ధం 1861 జులై 21న అక్కడే జరిగింది. మరుసటేడు ఆగస్టు చివర్లో అదే నేల మీద ఇంకో యుద్ధం జరిగింది. రెండోదానిలో చచ్చిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిసి ఇరవై వేల పైమాటే. డిస్నీ ప్రకటన రాగానే చరిత్రకారులు ఒక్కటయ్యారు. ట్రూమన్ జీవితచరిత్ర రాసి పులిట్జర్ బహుమతి అందుకున్న డేవిడ్ మెకల్లా ముందు నిలబడ్డాడు. అంతర్యుద్ధం మీద టీవీ డాక్యుమెంటరీలో వ్యాఖ్యానం చెప్పిన గొంతు ఆయనదే కాబట్టి అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మనిషి. జేమ్స్ మెక్‌ఫర్సన్, సి. వాన్ వుడ్‌వర్డ్, షెల్బీ ఫుట్ వంటివాళ్ళు ఆయన వెంట నడిచారు. 1994 జూన్‌లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఒక వినోదపు పార్కు గురించి అమెరికా సెనేట్‌లో చరిత్రకారులు సాక్ష్యం చెప్పడం అరుదైన సంగతే.

అవతలి పక్షాన్నీ న్యాయంగా చెప్పాలి. ప్రిన్స్ విలియమ్ కౌంటీలో చాలామందికి ఈ పార్కు కావాలి. ఉద్యోగాలొస్తాయి, పన్నులొస్తాయి. వర్జీనియా శాసనసభ రోడ్లకీ వాటికీ 16.3 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. వ్యతిరేకించినవాళ్ళలో చరిత్రకారులతోపాటు, పడమటి కొండల దిగువన గుర్రాలు పెంచుకునే పెద్ద భూస్వాములు కూడా ఉన్నారు. డబ్బు ఎక్కువభాగం వాళ్ళదే. 'చరిత్ర పేరు చెప్పి తమ పచ్చికబయళ్ళు కాపాడుకుంటున్నారు' అనే ఎత్తిపొడుపులో నిజం లేకపోలేదు.

చివరికి 1994 సెప్టెంబరు 28న డిస్నీ వెనక్కి తగ్గింది. ఒక్క చరిత్రకారుల వల్లే తగ్గిందనడం గొప్పలకు పోవడమే అవుతుంది. పారిస్ దగ్గర 1992లో తెరిచిన పార్కు నష్టాల్లో కూరుకుపోయి ఉంది. కంపెనీలో రెండో స్థానంలో ఉన్న ఫ్రాంక్ వెల్స్ ఏప్రిల్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. అధిపతి మైకేల్ ఐస్నర్‌కి జులైలో గుండె ఆపరేషన్ అయింది. ఇవన్నీ కలిశాయి.

ఈ గొడవలో చరిత్రకారులు చేసిన వాదనలు నిజానికి రెండు. మొదటిది, ఈ పార్కు వస్తే దాని వెనక వచ్చే రోడ్లు, మాల్స్, ఇళ్ళు కలిసి అసలు యుద్ధభూముల పరిసరాల్ని మింగేస్తాయనేది. రెండోది, చరిత్రలోని బాధను కల్పించి చూపిస్తే అది వినోదమై ఊరుకుంటుందనేది. నాట్ టర్నర్ తిరుగుబాటు మీద నవల రాసిన విలియమ్ స్టైరన్, తనూ వర్జీనియాలో పుట్టినవాడే, ఈ రెండో సంగతి మీద న్యూయార్క్ టైమ్స్‌లో గట్టిగా రాశాడు. అప్పట్లో రెండు వాదనలూ కలగలిసిపోయాయి. ముప్పై ఏళ్ళు గడిచాక చూస్తే మొదటిది బలంగానూ, రెండోది అనుకున్నంత బలం లేకుండానూ కనిపిస్తుంది.

*

కాపాడుకున్న ఆ 'అసలు' ఎలాంటిదో కాస్త చూద్దాం.

1861 జులైలో ఆ ఆదివారం పొద్దున వాషింగ్టన్ నుంచి జనం గుర్రపు బళ్ళు కట్టుకుని యుద్ధం చూడ్డానికి బయల్దేరారు. ఫలహారాల బుట్టలు, దుర్భిణులు వెంట తెచ్చుకున్నారు. అందులో కాంగ్రెస్ సభ్యులున్నారు, విలేఖరులున్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. సెంటర్‌విల్ మెట్ట మీద కూచుంటే అయిదు మైళ్ళ దూరంలో పొగ, మోతా. సాయంత్రానికి ఉత్తరాది సైన్యం చెదిరి పరుగెత్తడంతో చూడవచ్చినవాళ్ళు కూడా ఆ తొక్కిడిలో పడ్డారు. ఆల్ఫ్రెడ్ ఈలీ అనే కాంగ్రెస్ సభ్యుడు శత్రువుల చేతికి చిక్కి నెలల తరబడి జైల్లో ఉన్నాడు. అంటే మనాసస్‌లో మొదటి టూరిస్టులు యుద్ధం జరుగుతుండగానే వచ్చారు!

అదే ఊరి దగ్గర విల్మర్ మెక్లీన్ అనే ఆసామి ఉండేవాడు. యుద్ధానికి ముందురోజుల్లో అతని ఇంట్లో దక్షిణాది సేనాని విడిది చేశాడు. ఫిరంగి గుండొకటి ఆ ఇంటి వంటగది పొయ్యిలో వచ్చి పడింది. ఈ గోల పడలేక కుటుంబంతో దక్షిణంగా అపొమాటక్స్ కోర్ట్‌హౌస్ అనే పల్లెకి వెళ్ళిపోయాడు. 1865 ఏప్రిల్ 9న జనరల్ లీ లొంగిపోయింది ఆ కొత్త ఇంటి ముందుగదిలోనే. ఈ కథ అమెరికాలో చాలామందికి తెలుసు. ఇంటి కథ అంతమందికి తెలియదు. 1893లో కొందరు వ్యాపారులు ఆ ఇంటిని వాషింగ్టన్‌కి తరలించి ప్రదర్శనశాలగా పెట్టి టిక్కెట్లు అమ్ముకుందామని ఇటుక ఇటుక విప్పేశారు. అదే ఏడు ఆర్థిక సంక్షోభం వచ్చి డబ్బు నిండుకుంది. విప్పిన సామాను అక్కడే గుట్టగా పడి కుళ్ళిపోయింది, దొరికినవాళ్ళు దొరికింది పట్టుకుపోయారు. ఇప్పుడు మనం వెళ్ళి, టోపీ తీసి, గొంతు తగ్గించి చూసే ఇల్లు నేషనల్ పార్క్ సర్వీస్ మళ్ళీ కట్టి 1949లో తెరిచినది.

మనాసస్‌లో హెన్రీ హిల్ మీద ఉన్న ఇల్లు కూడా యుద్ధం నాటిది కాదు. ఎనభై దాటిన జూడిత్ హెన్రీ అనే ముసలావిడ మంచంలో ఉండగానే గుండ్లు తగిలి చనిపోయిన ఇల్లు ఆనాడే పాడైపోయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టినది. ఆ పక్కనే జనరల్ జాక్సన్ గుర్రమెక్కిన విగ్రహం, 1940 నాటిది. కండలు తిరిగిన ఆ మనిషినీ, ఆ గుర్రాన్నీ చూస్తే నాకు కామిక్ పుస్తకాల వీరులు గుర్తొస్తారు. ఆ నేలని మొదట కొని కాపాడినవాళ్ళు దక్షిణాది సైనికుల వారసుల సంఘంవాళ్ళు. అందుకే చాలా దశాబ్దాలు అక్కడి బోర్డుల మీద ఏ దళం ఎటు కదిలిందో వివరంగా ఉండేది, ఈ యుద్ధం దేనికొచ్చిందో ఉండేది కాదు. అంతర్యుద్ధ స్థలాల్లో బానిసత్వం గురించి కూడా చెప్పాలని పార్క్ సర్వీస్‌కి కాంగ్రెస్ సూచించింది 2000వ సంవత్సరపు నిధుల బిల్లుతో పాటు. అసలు నేల మీద కూడా ఇంతకాలం ఒక 'థీమ్' నడిచిందనే కదా దీనర్థం.

*

ఇక నకిలీ సంగతి. డిస్నీ వెనక్కి తగ్గిన రెండు వారాల లోపలే, అదే వర్జీనియాలో, విలియమ్స్‌బర్గ్‌లో మరో గొడవ రేగింది.

విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి పోయాక నిద్రపోయిన ఊరు. 1926లో గుడ్విన్ అనే ప్రీస్టు జాన్ డి. రాకఫెల్లర్ జూనియర్‌ని ఒప్పించి ఆ ఊరిని పద్దెనిమిదో శతాబ్దంలోకి వెనక్కి తిప్పే పని మొదలుపెట్టాడు. ఎనభై ఎనిమిది పాత ఇళ్ళను బాగుచేశారు. తర్వాతి కాలపు ఇళ్ళను వందల సంఖ్యలో కూల్చేశారు. గవర్నర్ భవనం, కాపిటల్ వంటివి పునాదుల మీద మొత్తం కొత్తగా కట్టినవే, 1934లో తెరిచినవి. విగ్గులు పెట్టుకున్న మనుషులు, కమ్మరి కొలుములు, గుర్రపు బళ్ళు, సత్రాల్లో భోజనాలు. థీమ్ పార్కుకి దీనికి తేడా ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం అంత తేలిక కాదు. పైగా పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊరి జనాభాలో సగం నల్లవాళ్ళు, వాళ్ళలో దాదాపు అందరూ బానిసలు. 1970ల చివరిదాకా ఆ సగం ఊరు ఎక్కడా కనిపించేది కాదు.

1994 అక్టోబరు 10న ఆ వీధిలో బానిసల వేలంపాటను ప్రదర్శించి చూపించారు. ఈ ఆలోచన బయటివాళ్ళది కాదు. అక్కడ పనిచేసే ఆఫ్రికన్ అమెరికన్ విభాగానిది. ఆ విభాగాన్ని నడిపిన క్రిస్టీ కోల్‌మన్ తనే గర్భిణి అయిన బానిస పాత్ర వేసి వేలంలో నిలబడింది. నల్లజాతివారి హక్కుల సంఘాలవాళ్ళు వచ్చి ఆపమన్నారు. మా పూర్వీకుల బాధ మీకు తమాషానా అని వాళ్ళ కోపం. చూడ్డానికి వచ్చిన వందలాది జనం ముందు ఆమె బయటికొచ్చి, ముందు చూడండి, ఆ తర్వాత తీర్పు చెప్పండి అన్న ధోరణిలో కంటతడితో మాట్లాడింది. ప్రదర్శన జరిగింది. ఒక మొగుణ్ణీ పెళ్ళాన్నీ వేరువేరు మనుషులు పాడుకున్నారు. నిరసనకి వచ్చినవాళ్ళలో ముఖ్యుడొకాయన, చూశాక తన అభిప్రాయం మార్చుకున్నానని విలేఖరులకు చెప్పాడు.

కట్టుడు ఊళ్ళో, కట్టుడు బట్టల్లో, నటులు చేసిన ప్రదర్శన అది. అసలు యుద్ధభూమి ఏళ్ళ తరబడి దాటవేసిన నిజాన్ని అది పది నిమిషాల్లో చెప్పేసింది. కాబట్టి కల్పన అబద్ధమే చెబుతుందనీ, అసలు నేల నిజమే చెబుతుందనీ నియమమేమీ లేదు. కల్పనతో నిజం చెప్పడం నాటకాలు, వీధిభాగవతాలు చూసి పెరిగిన మనకు వింత కూడా కాదు.

*

మరి నేను ఇంకా రెండో పక్షంలోనే ఎందుకున్నట్టు?

ఇండియా నుంచి వచ్చిన మా చుట్టాల పిల్లవాణ్ణి ఒకసారి మనాసస్ తీసుకెళ్తే, చుట్టూ చూసి, "బాబాయ్, ఇక్కడేముంది? గడ్డే కదా!" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. మోకాలెత్తు గడ్డి, కర్ర కంచెలు, వరసగా పెట్టిన ఫిరంగులు, అంతే. కానీ 2014లో ఆ గడ్డి కింద గొట్టాల కోసం కందకం తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. స్మిత్‌సోనియన్ శాస్త్రవేత్తలు వచ్చి జాగ్రత్తగా తవ్వితే, రెండో మనాసస్ యుద్ధంలో సైనిక వైద్యులు కోసి పడేసిన చేతులు, కాళ్ళు ఒక గోతిలో దొరికాయి. మొత్తం పదకొండు. వాటితోపాటు ఇద్దరు సైనికుల అస్థిపంజరాలు. ఒకతని తొడ ఎముకలో తూటా ఇంకా అలాగే ఉంది. ఎముకల మీద రంపం గాట్లను బట్టి ఆనాటి వైద్యుడి చేతి వాటం ఎలాంటిదో కూడా చెప్పగలిగారు. 2018లో ఆ ఇద్దరినీ ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.

ఇంకో ఉదాహరణ. హెన్రీ హిల్‌కి కాస్త అవతల జేమ్స్ రాబిన్సన్ అనే నల్లజాతి రైతు ఇల్లుండేది. అతను స్వతంత్రుడు, కానీ భార్యాబిడ్డల్లో కొందరు వేరొకరి సొత్తు. యుద్ధం అతని పొలంలోంచే నడిచింది. ఆ చోట తర్వాతి కాలంలో నిలిచి ఉన్న ఇంటికి 1993లో, డిస్నీ ప్రకటన చేసిన ఏడాదే, ఎవరో నిప్పు పెట్టారు. శిథిలాన్ని తొలగించాక పురావస్తువాళ్ళు నేలని తవ్వి, ఆ కుటుంబం వాడిన సామాన్ల ముక్కల్లోంచి వాళ్ళ బతుకు ఎలా ఉండేదో కొంత కొంతగా రాబట్టారు. సైనిక పటాల్లో 'రాబిన్సన్ హౌస్' అనేది ఫిరంగులు మోహరించిన ఒక గుర్తు మాత్రమే. ఆ నేల అడుగున మాత్రం ఒక ఇల్లుంది.

నాకు తేడా ఇక్కడ కనిపిస్తుంది. కట్టిన చోట మనం పెట్టినదే ఉంటుంది. ఎంత తెలివైనవాళ్ళు, ఎంత నిజాయితీపరులు కట్టినా, కట్టిననాటికి వాళ్ళకి తెలిసినదే ఉంటుంది. దాన్ని వందేళ్ళ తర్వాత తవ్వితే కట్టినవాళ్ళ గురించి తెలుస్తుంది తప్ప, వాళ్ళు చూపించాలనుకున్న కాలం గురించి తెలియదు. అసలు నేలలో మనకోసం ఎవరూ పెట్టనివి ఉంటాయి. బోర్డు మీద తప్పు రాసినా, పక్కన అబద్ధపు విగ్రహం పెట్టినా, అడుగున ఉన్నది అలాగే ఉండి, కొత్త ప్రశ్న అడిగినవాడికి కొత్త జవాబిస్తుంది. విలియమ్స్‌బర్గ్‌లో ఆ వేలంపాట నిలబడిందంటే దాని కిందా ఇలాంటిదే ఉంది. నిజంగా ఆ ఊరి నేల, ఆ ఊరి ఆస్తుల జాబితాలు, కోర్టు కాగితాలు. అవి లేకపోతే అది ఉత్త నాటకం. హేమార్కెట్‌లో కట్టదలచిన పార్కుకు అలాంటి అడుగు లేదు. అందుకే చరిత్రకారుల మొదటి వాదనే అసలు వాదన అంటాను. ప్రమాదం నకిలీని కట్టడంలో లేదు, నకిలీని కట్టే హడావుడిలో అసలును చెరపడంలో ఉంది.

*

ఈ మాట నాగార్జునకొండ దగ్గర నిలిచి చెబితే ఇంకా తేటగా అర్థమవుతుంది.

డిస్నీలాండ్ మొదటిది కాలిఫోర్నియాలో తెరిచింది 1955 జులై 17న. అదే ఏడు డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. ఆనకట్ట కడితే మునిగే లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1926లో ఆ శిథిలాలు బయటపడ్డాక లాంగ్‌హర్స్ట్, ఆ తర్వాత టి. ఎన్. రామచంద్రన్ కొంత తవ్వారు. మునక ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తం గాలించారు. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కట్టడాల దాకా వందకు పైగా చోట్లు. మెట్ల కోనేరులు, విహారాలు, స్తూపాలు, రాతిమెట్లతో ఆరుబయటి రంగస్థలం. మహాచైత్యానికి దానం ఇచ్చిన చాంతిసిరి వంటి రాజకుటుంబపు స్త్రీల పేర్లు శాసనాల్లో. అందులో కొన్నిటిని విప్పి తెచ్చి కొండ మీద, ఇప్పటి ద్వీపం మీద, తిరిగి కట్టారు. కొన్నిటికి చిన్న నమూనాలు చేశారు. రంగస్థలాన్నీ మరికొన్నిటినీ ఒడ్డున అనుపులో నిలబెట్టారు. తక్కినది నీళ్ళలోకి పోయింది. లోయలోని ఊళ్ళూ పోయాయి.

ఆనాటి పురావస్తువాళ్ళు చేసింది చిన్న పని కాదు. అంత తక్కువ కాలంలో అంత లోయని నమోదు చేయడం ఈ దేశంలో అంతకుముందు ఎరగనిది. అయినా వాళ్ళు అడగగలిగింది 1960 నాటి ప్రశ్నలే. రేడియోకార్బన్ పద్ధతి పుట్టి అప్పటికి పదేళ్ళు. పాత ఎముకల్లోంచి డి.ఎన్.ఏ. చదవడం ఎవరి ఊహలోనూ లేదు. విహారాల చుట్టూ వంట చేసినవాళ్ళు, రాయి కొట్టినవాళ్ళు ఏం తిన్నారు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని ఇవాళ అడగాలనిపిస్తే అడగటానికి నేల లేదు. ఇవాళ విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి ద్వీపానికి వెళ్తుంటే, మనం వెళ్ళేది ఆ లోయ మీదుగానే. మాచర్ల వైపు మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉండేవారు. "మేం నడిచింది లోయలోరా, మీరు చూసొచ్చింది దాని బొమ్మ" అనేవారు.

2022లో సాగర్‌కి ఎడమ ఒడ్డున, తెలంగాణ వైపు, బుద్ధవనం తెరిచారు. సుమారు 274 ఎకరాల్లో బౌద్ధ వారసత్వ థీమ్ పార్కు. అమరావతి స్తూపాన్ని పోలిన పెద్ద స్తూపం, బుద్ధుడి జీవిత ఘట్టాలు, జాతక కథల శిల్పాలు, దేశదేశాల స్తూపాల నమూనాలు. శ్రద్ధగా చేశారు, చూడదగ్గదే. అమరావతి అసలు శిల్పాలు లండన్‌లో, చెన్నైలో మ్యూజియంల పాలయ్యాక, తెలుగు పిల్లలు ఆ స్తూపం ఎలా ఉండేదో కళ్ళారా చూడాలంటే ఇలాంటిదొకటి ఉండాలి కూడా. దాన్ని నకిలీ అని నేను చిన్నబుచ్చను. కానీ దానికి ఎదురుగా ఉన్న నీళ్ళ కింద ఏముండేదో తెలిసి చూడటం వేరు, తెలియక చూడటం వేరు.

ఆ నీళ్ళను తిట్టే హక్కు నాకు లేదు. మాది కుడి కాలువ కింద వ్యవసాయం. మా నాన్నగారి తరం మూడు పూటలా అన్నం తిన్నదీ, మేం చదువుకుని ఇంతదూరం వచ్చిందీ ఆ నీళ్ళ వల్లే. ఆనకట్ట కట్టకూడదని నేనెన్నడూ అనలేను. పోయింది పోలేదని మాత్రం అనను. ద్వీపం మీది కట్టడాలను చూపించి 'ఇదే నాగార్జునకొండ' అని పిల్లలకు చెబితే, పోయినదాన్ని రెండోసారి ముంచినట్టవుతుంది.

*

హేమార్కెట్ దగ్గర డిస్నీ కట్టకుండా వదిలిన నేల అలాగే ఉండిపోయిందా? ఉండలేదు. అందులో చాలాభాగం ఇవాళ ఇళ్ళ కాలనీలు. కొన్నిటిలో మనవాళ్ళూ ఉన్నారు. ఆపైన 2023 డిసెంబరులో ప్రిన్స్ విలియమ్ కౌంటీ బోర్డు, మనాసస్ యుద్ధభూమిని ఆనుకుని ఉన్న 2,000 ఎకరాల పైచిలుకులో డేటా సెంటర్లు కట్టుకోవడానికి 4-3 ఓట్లతో అనుమతించింది. ఆ రోజు బహిరంగ విచారణ ఇరవైనాలుగు గంటలు దాటి నడిచింది. 2025 ఆగస్టులో కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. డేటా సెంటర్‌లో రోలర్‌కోస్టర్ ఉండదు, మారువేషాలుండవు, చరిత్రను వక్రీకరించారని దాన్ని ఎవరూ తిట్టలేరు. కానీ పునాదికి తవ్విన చోట అడుగున ఏముంటే అది పోతుంది. ఉత్తర వర్జీనియా తెలుగువాళ్ళలో చాలామంది జీతాలు ఆ పరిశ్రమ చుట్టూ తిరిగేవే, నాదీ అంతే. సాగర్ నీళ్ళ విషయంలో ఎలా ఇరుక్కున్నానో ఇక్కడా అలాగే ఇరుక్కుని ఉన్నాను.

అయితే వేసవి సెలవులకి ఎక్కడికి వెళ్ళాలి? పిల్లలు అడిగితే ఓర్లాండో వెళ్ళండి. సిండరెల్లా కోటని ఎవరూ నిజం కోట అనుకోరు. ఆ చోటు తన గురించి తాను అబద్ధం చెప్పుకోదు. పిల్లలు కేరింతలు కొట్టినంతసేపూ ఆ డబ్బు దండగ కాదు. దాన్ని ఈసడించి, అపొమాటక్స్‌లో 1949 నాటి గది ముందు చేతులు కట్టుకుని నిలబడటంలో గొప్పతనమేమీ లేదు. కానీ ఒక లెక్క ఉంది. మీరు రాకపోయినా ఓర్లాండోకి ఏమీ కాదు, కూలిన కోటను మర్నాడే మళ్ళీ కడతారు. మనాసస్ లాంటి చోటు అలా కాదు. ఇక్కడ చూడ్డానికేమీ లేదు, గడ్డే కదా అని అందరూ అనుకున్న రోజున ఆ నేల కోసం కౌంటీ బోర్డు ముందు మాట్లాడేవాళ్ళు ఉండరు. ఆ 4-3 లెక్క 7-0 అవుతుంది. అందుకని ఏడాదికి ఒక్క పూటైనా అలాంటి చోటికి వెళ్దామంటాను. ప్రవేశ రుసుం లేదు, హెన్రీ హిల్ కేంద్రం దగ్గర నీడలో బెంచీలున్నాయి, పులిహోర కట్టుకెళ్తే హాయిగా కూచుని తినొచ్చు.